టేబుల్ సా మీద అడ్డకోత: ఫెన్సుకు ఆనించొద్దు

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో చిన్న టేబుల్ సా (బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చే కరెంటు రంపం) కొని ఇంట్లోనే స్టూళ్లు, షెల్ఫులు చేసుకోవాలనుకునేవాళ్లకు ఒక మాట. చెక్కను అడ్డంగా కోసేటప్పుడు దాని చివరను ఫెన్సుకు (బ్లేడు పక్కన దానికి సమాంతరంగా ఉండే అడ్డపట్టీకి) ఆనించి మైటర్ గేజ్‌తో (చెక్కను కోణంలో పట్టి బల్ల గాడిలో జరిపే సాధనంతో) తోయకండి. తెగిన ముక్క బ్లేడుకీ ఫెన్సుకీ మధ్య ఇరుక్కుని మీ మీదికే దూసుకొస్తుంది.

స్టూలు నాలుగు కాళ్లూ ఒకే కొలతలో రావాలంటే, బ్లేడుకు బాగా ఇవతల, మీ వైపున, అంగుళం పైన మందమున్న చెక్కముక్కను ఫెన్సుకు క్లాంపుతో బిగించండి. కొలత దానికి ఆనించి తీసుకోండి. బ్లేడు తగిలే సమయానికి కాలు ఆ ముక్కను దాటిపోయి, పక్కన ఖాళీ ఉండాలి.

మైటర్ గేజ్ మీద 90 డిగ్రీల గీతను నేనైతే నమ్మను. అంచులు సమాంతరంగా ఉన్న వెడల్పాటి పలకను కోసి, ఒక ముక్కను తిరగేసి, రెండు కోతలనూ కలిపి, కింది అంచులను స్కేలుకు ఆనించి చూడండి. సందు కనిపిస్తే గేజ్ తప్పినట్టే. తప్పు రెట్టింపై కనిపిస్తుంది కాబట్టి దొరికిపోతుంది.

గ్లౌజులు వద్దు. తెగిన ముక్కను బ్లేడు పూర్తిగా ఆగాకే తీయండి. మధ్యలో కరెంటు పోతే ముందు స్విచ్ ఆపండి, లేదంటే కొన్ని మెషీన్లు కరెంటు రాగానే వాటంతటవే తిరుగుతాయి.