ఇంటి స్టూడియో పాఠాలు – 7: కంప్రెసర్, రెండవ భాగం

గత పాఠంలో, శబ్దంలోని గట్టి భాగాలను తగ్గించే కంప్రెసర్‌లో థ్రెషోల్డ్ (ఏ స్థాయి దాటితే తగ్గించాలో), రేషియో (దాటినదాన్ని ఎన్నో వంతుకు తగ్గించాలో) అనేవాటి గురించి చెప్పుకొని, ఒక గాత్రం ట్రాకుకు కంప్రెసర్ పెట్టక ముందు ఒకటి, పెట్టిన తరువాత ఒకటి, రెండు ఫైళ్లు తయారు చేయమని అడిగాను. ఈసారి అటాక్ (తగ్గింపు ఎంత త్వరగా పట్టుకుంటుందో), రిలీజ్ (ఎంత త్వరగా వదులుతుందో) అనేవాటికి వెళ్లాలన్నది నా ఉద్దేశం. మీరు పంపిన ఫైళ్లు విన్న తరువాత ఆ క్రమం మార్చక తప్పలేదు. దాదాపు అందరి రెండవ ఫైలూ మొదటిదానికన్నా గట్టిగా ఉంది. దాదాపు అందరూ గొంతు దగ్గరికి వచ్చిందనో, నిండుగా మారిందనో రాశారు. ఆ రెండవ ఫైలును మొదటిదాని స్థాయికి దించి వింటే కొన్నింటిలో తేడా పట్టుకోవడమే కష్టమయింది, మరికొన్నింటిలో ఊపిరి తీసుకునే చప్పుడు, శ-స అక్షరాల బుసబుస పైకి తేలి గాత్రం మునుపటికన్నా చెడింది. మీకు నచ్చింది పెరిగిన శబ్దం. కంప్రెషన్ ఏం చేసిందో ఇంకా ఎవరూ వినలేదు.

దీనికి ముఖ్య కారణం చాలా కంప్రెసర్ ప్లగిన్లలో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములలో) ఉండే, తగ్గిన స్థాయిని తానే తిరిగి పెంచే ఆటో మేకప్ గెయిన్ అనే చిన్న బొత్తాం. చాలామంది దాన్ని ఆన్‌లోనే వదిలేశారు. కంప్రెసర్ ఎంత తగ్గించిందో కొలిచి, సరిగ్గా అంతే తిరిగి కలుపుతుందని మీరు అనుకున్నారు. పాటను నిజంగా కొలిచి సర్దే ప్లగిన్లు లేకపోలేదు కానీ, చాలావాటిలో ఈ బొత్తాం మీ పాటను వినదు. థ్రెషోల్డ్, రేషియో అంకెలను మాత్రమే చూసి, సున్నా డెసిబెళ్ల దగ్గర, అంటే డిజిటల్ ధ్వని గరిష్ఠ స్థాయి దగ్గర, సంకేతం వస్తే ఎంత తగ్గుతుందో లెక్క కట్టి, కొన్ని ఆ మొత్తాన్నీ, కొన్ని అందులో కొంత భాగాన్నీ పాట పొడవునా కలిపేస్తాయి.

ఒకసారి కాగితం మీద వేసి చూడండి. థ్రెషోల్డ్ మైనస్ 24, రేషియో 4:1 అనుకుందాం. సున్నా దగ్గర వచ్చే సంకేతం థ్రెషోల్డ్‌ను 24 డెసిబెళ్లు దాటింది, అందులో నాలుగో వంతు, అంటే 6 మాత్రమే మిగులుతుంది, తగ్గింపు 18. కాబట్టి ప్లగిన్ 18 డెసిబెళ్లు కలుపుతుంది. మీ గాత్రం శిఖరాలు మాత్రం మైనస్ 10 దగ్గరే ఆగుతాయి. అవి దాటింది 14, మిగిలేది 3.5, తగ్గింపు 10.5. మైనస్ 20.5కి దిగిన ఆ శిఖరం, 18 కలిసేసరికి మైనస్ 2.5కి చేరి, అసలుకన్నా 7.5 డెసిబెళ్లు పెరిగింది. చరణంలో మెల్లగా పాడిన మాట మైనస్ 26 దగ్గర ఉంటే దాన్ని కంప్రెసర్ ముట్టనే ముట్టదు. అది నేరుగా 18 డెసిబెళ్లు లేచి మైనస్ 8కి వచ్చి కూర్చుంటుంది. మైనస్ 45 దగ్గర ఎవరికీ వినపడకుండా ఉన్న ఊపిరి మైనస్ 27కి వస్తుంది. ఇంత జరిగాక బైపాస్ నొక్కి, అంటే కంప్రెసర్‌ను పక్కకు తప్పించి, రెండింటినీ పోల్చామని చెప్పడంలో అర్థం లేదు.

చెవి ఇక్కడ ఎందుకు మోసపోతుందో తెలిసిన విషయమే. తక్కువ స్థాయిలో మన చెవికి బేస్ సరిగ్గా అందదు. శబ్దం పెంచేకొద్దీ అడుగు నిండుతుంది. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ దీన్ని కొలిచి 1933లోనే వక్రరేఖలుగా ప్రచురించారు. స్థాయి కొద్దిగానే, ఒక డెసిబెల్ దరిదాపుల్లో, పెరిగినప్పుడు చిక్కు ఇంకా ఎక్కువ, ఎందుకంటే వినేవాడికి శబ్దం పెరిగినట్టు తోచదు, స్పష్టత పెరిగినట్టు తోస్తుంది. ప్లగిన్ ప్రీసెట్లలో చాలావాటి అందం ఈ ఒక్క డెసిబెల్‌లోనే ఉందని నా అనుమానం.

కాబట్టి ఆటో గెయిన్ ఆపండి. మేకప్‌ను చేత్తో తిప్పండి. ఎంత తిప్పాలన్నది శిఖరాల మీటరు చూసి తేల్చవద్దు. కంప్రెషన్ శిఖరాలనే కోస్తుంది కనుక, రెండు ఫైళ్ల శిఖరాలను సమానం చేస్తే కంప్రెస్ చేసినదే మళ్లీ గట్టిగా వినిపిస్తుంది. చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో అంచనా కట్టే లౌడ్‌నెస్ మీటరు వాడండి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) 2006లో ప్రచురించిన బీఎస్.1770 కొలత పద్ధతి మీద నడిచే, ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే ప్రమాణంలో చూపే మీటర్లు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతాయి; యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచిత రూపం ఈ పనికి చాలు. కంప్రెసర్ తరువాత మీటరు పెట్టి, ఒకే భాగాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి బైపాస్‌తోనూ, మీటరును రీసెట్ చేసి మరోసారి కంప్రెసర్‌తోనూ నడిపి, ఇంటిగ్రేటెడ్ (మొత్తం భాగానికి సగటు) అంకెల తేడా ఎంతో మేకప్‌ను అంత మార్చండి. అంకెలు కలిశాక కూడా చివరి మాట చెవిదే. స్నేర్ డ్రమ్ వంటి పొట్టి శబ్దాల విషయంలో ఈ మీటరును దారి చూపేదిగానే తీసుకోండి. గాత్రం మిక్స్‌లో ఇంకా పైకి రావాలంటే ఆ పని ఫేడర్‌తో (ట్రాకు స్థాయి మీటతో) చేయండి. నేను మేకప్‌ను స్థాయి సరిపోల్చడానికి తప్ప మరి దేనికీ వాడను.

కంప్రెసర్ వెనుక శాచ్యురేషన్ (శబ్దానికి కావాలనే కాస్త వక్రీకరణ కలిపే) ప్లగిన్ ఉంటే దానికి చేరే స్థాయి కూడా మారిపోతుంది, అప్పుడు మీరు వింటున్న తేడా ఎవరిదో తెలియదు. పోల్చేటప్పుడు వెనుకవాటిని ఆపండి. మరొక మాట: ఎక్కడో చూసిన మైనస్ 18 థ్రెషోల్డ్‌ను కొందరు యథాతథంగా దించుకున్నారు. మైనస్ 20 దాటని రికార్డింగుకు ఆ అంకె పెడితే కంప్రెసర్ నిద్రపోతుంది. థ్రెషోల్డ్‌ను మీ సంకేతం నిర్ణయిస్తుంది.

ఇక అటాక్, రిలీజ్. వీటి నిర్వచనాలు మీకు తెలిసినవే. మిల్లీసెకన్ల అంకెలను ఒక ప్లగిన్ నుంచి మరొక దానికి మోసుకుపోవద్దు, ఎందుకంటే తగ్గింపు ఎంత శాతం పూర్తయ్యేసరికి ఆ కాలాన్ని లెక్కపెట్టాలన్న దానిపై తయారీదారులందరికీ ఒకే ఒప్పందం లేదు. 1967లో బిల్ పుట్నమ్ రూపొందించిన 1176 అనే కంప్రెసర్ యంత్రం నమూనా మీద వచ్చిన ప్లగిన్లు వాడేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: వాటిలో 1 నుంచి 7 వరకు ఉండే అటాక్, రిలీజ్ అంకెలలో 7 అన్నింటికన్నా వేగం. దాని అటాక్ 20 నుంచి 800 మైక్రోసెకన్ల మధ్యే ఉంటుంది కనుక, అందులో నెమ్మది అటాక్ కూడా ఇతర కంప్రెసర్లతో పోలిస్తే వేగమే.

నా పద్ధతి కొంచెం మొరటు. రేషియో 10:1కి పెంచి, తగ్గింపు 15 డెసిబెళ్లు దాటేదాకా థ్రెషోల్డ్ దించుతాను. ఆ అతి కంప్రెషన్‌లో ప్రతి కదలిక బొమ్మ కట్టినట్టు వినిపిస్తుంది. అటాక్‌ను బాగా నెమ్మదిగా పెట్టి, క, ట, ప వంటి హల్లుల మొన అరిగేవరకు వేగం పెంచి, అక్కడి నుంచి కాస్త వెనక్కి వస్తాను. రిలీజ్‌ను తరువాతి పదం మొదలయ్యేలోపు తగ్గింపు మీటరు సూది సున్నాకు తిరిగి వచ్చేలా ఉంచుతాను. మరీ వేగంగా పెడితే పదాల మధ్య గది చప్పుడు ఉబ్బుతుంది. ఆ తరువాతే రేషియోను 3:1కి దించి, తగ్గింపు 3 నుంచి 6 డెసిబెళ్ల మధ్య ఆడేలా థ్రెషోల్డ్ పైకి తెస్తాను. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే రియాకాంప్ వంటి సాదా ప్లగిన్‌తో మొదట ఇది చేయండి. పాత యంత్రాల బొమ్మలున్నవి తరువాత చూసుకోవచ్చు.

అభ్యాసం. ఒక పల్లవి, ఒక చరణం ఉన్న అర నిమిషం గాత్రాన్ని తీసుకోండి. కేవలం వాల్యూమ్ ఆటోమేషన్‌తో (పాట నడుస్తుండగా స్థాయి మారేలా ముందే గీసి) స్థాయిలు సర్దినది ఒకటి, కేవలం కంప్రెసర్‌తో చేసినది ఒకటి, రెండూ కలిపినది ఒకటి, మూడు ఫైళ్లు తయారు చేయండి. మూడింటి ఇంటిగ్రేటెడ్ అంకెలు 0.2 ఎల్‌యూ (ఒక ఎల్‌యూ అంటే ఒక డెసిబెల్) తేడాలోపు ఉండాలి. మొదటి రెండింటినీ ఫూబార్2000 అనే ప్లేయర్‌కు చేర్చుకునే, పేర్లు దాచి వినిపించే ఏబీఎక్స్ కంపారేటర్‌లో పెట్టి, ఏది ఏదో గుర్తుపట్టడానికి 10 సార్లు ప్రయత్నించండి. 9 లేదా 10 సార్లు ఊహతోనే సరిగ్గా చెప్పే అవకాశం 1024లో 11 మాత్రమే. రెండవ, మూడవ ఫైళ్లతోనూ అలాగే చేయండి. 9కి తక్కువ వస్తే అటాక్, రిలీజ్‌లు మార్చి మళ్లీ మొదలుపెట్టండి. నాకు మూడు ఫైళ్లు, మీటరు అంకెలు, పరీక్ష ఫలితం పంపండి. ఏది బాగుందన్న అభిప్రాయం ఈసారి అక్కరలేదు.