మా నాన్న నవ్వు, ‘రూఫుల్’ అనే మాట

మా కాలేజీలో ఇంటర్ చదివే అబ్బాయి ఒకడు సెలవు చీటీలో ‘ఐ యామ్ రూఫుల్ (rueful) ఫర్ మై ఆబ్సెన్స్’ అని రాశాడు. డిక్షనరీలో పశ్చాత్తాపం, విచారం అని ఉంటే చూసి రాశాడట. అర్థం పట్టుకున్నాడు, కానీ మాట అక్కడ ఇమడదు. క్షమాపణ చెప్పుకోవడానికి ‘సారీ’ ఉంది, ఆఫీసు ఉత్తరాలకు ‘రిగ్రెట్’ ఉంది. రూఫుల్‌ని ఎక్కువగా ఒక మనిషి ముఖంలో, నవ్వులో, గొంతులో కనిపించే బాధను వర్ణించడానికే వాడతారు.

ఎలాంటి బాధ? క్లాసులో నేను మా నాన్న సంగతి చెబుతాను. ఒక ఏడు ఆయన మిరపకాయల్ని కోల్డ్ స్టోరేజిలో పెట్టకుండా గుంటూరు యార్డుకి తోలి, వచ్చిన రేటుకి అమ్మేశాడు. నెల్లాళ్లు ఆగమని అమ్మ ఎంత చెప్పినా వినలేదు. నెల తిరక్కుండానే క్వింటాలు మీద రెండు వేలు పెరిగింది. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని, కండువా ఒళ్లో పెట్టుకుని, ‘తొందరపడ్డానమ్మా, మీ అమ్మ చెబుతూనే ఉంది’ అని నవ్వాడు. అదే రూఫుల్ స్మైల్.

చేతులారా చేసుకున్న పని, నష్టపోయిందీ తనే. ఇక మార్చలేనని ఒప్పుకున్నాడు గనకే ఆ బాధలోంచి కాస్త నవ్వు వచ్చింది. ఇందులో ఏది మారినా మాట కూడా మార్చాలి. కల్లంలో కాయ వానకి తడిసిపోయి ఉంటే ‘శాడ్’ చాలు. తూకంలో ఎవరైనా మోసం చేసి ఉంటే ‘బిట్టర్’. నాన్న మాట నమ్మి పక్క చేను రైతు కూడా అమ్మేసి అప్పులపాలై, ఆ పాపం తనదేనని నాన్నకి రాత్రుళ్లు నిద్రపట్టకపోతే అది ‘రిమోర్స్’. రిమోర్స్ చాలా బరువైన మాట, దాని పక్కన నవ్వు నిలవదు.

వాడకం కష్టం కాదు. స్మైల్, లుక్, గ్రిన్, సై (sigh, నిట్టూర్పు) లాంటి మాటల ముందు పెట్టండి: ‘హీ గేవ్ ఎ రూఫుల్ స్మైల్.’ మాట్లాడిన తీరు చెప్పాలంటే రూఫులీ: ‘ఐ షుడ్ హావ్ వెయిటెడ్, హీ సెడ్ రూఫులీ.’ స్పెల్లింగులో రూఫుల్ చివర ఒక ఎల్, రూఫులీలో రెండు. మా పిల్లలు తరచూ తప్పేది ఇక్కడే.

దీని మూలం ‘రూ’, అంటే వగచడం. పాత ఇంగ్లీషు నుంచి వచ్చిన మాట. ‘యూ విల్ రూ ద డే’ అంటే మాత్రం బెదిరింపు, ‘నువ్వు ఏడ్చే రోజొస్తుంది’ అన్నట్టు. జాలి అనే అర్థంలో దీన్నుంచే ‘రూత్’ అనే మాట పుట్టింది. అది ఇప్పుడు దాదాపు వాడుకలో లేదు. మనందరికీ తెలిసిన ‘రూత్‌లెస్’ దాని బిడ్డే, జాలి లేనివాడని. ఈ చుట్టరికం చెప్పాక పిల్లలు రూఫుల్‌ని మళ్లీ మర్చిపోలేదు.

తెలుగులోకి తెచ్చేటప్పుడే నాకు చిక్కు. ‘పేలవంగా నవ్వాడు’ అని చాలామంది రాస్తారు. అందులో నీరసం ఉంది గానీ, తప్పు తనదేనన్న ఒప్పుకోలు లేదు. ‘పశ్చాత్తాపంతో నవ్వాడు’ అంటే మరీ బరువెక్కిపోతుంది. నేనైతే ‘తన తొందరపాటుకి తానే నొచ్చుకుంటూ నవ్వాడు’ అని రాస్తాను. మాటలు నాలుగు ఎక్కువైనా, అరుగు మీద నాన్న నాకు అందులో సరిగ్గా కనిపిస్తాడు.