ముసురు పట్టకముందే ఇంక్‌జెట్ ఫోటోల సంగతి చూసుకోండి

ఇంకును సన్నని చుక్కలుగా చిమ్మే ఇంక్‌జెట్ ప్రింటరుతో తీసి, గోడకు క్లిప్పుతో తగిలించిన ఫోటో ఒకటి రెండేళ్ల తర్వాత దించాను. క్లిప్పు కింద గోరంత మేర ఆకాశం ప్రింటు తీసిన రోజు ఎలా ఉందో అలాగే నీలంగా ఉంది. మిగతాదంతా ఇటుకరంగుకు తిరిగింది. ఆ గోడ మీద ఎండ పొడ కూడా పడదు. ఫోటోను తినేసింది వెలుగు కాదు, గాలి.

చేతికి రాగానే ఆరిపోయినట్టుండే గ్లాసీ పేపర్ల పైపూతలో సిలికా, అల్యూమినా లాంటి అతి సన్నని రేణువులుంటాయి. వాటి సందుల్లోకి ఇంకు దిగిపోతుంది. ఆ తర్వాత కూడా ఆ సందులు తెరిచే ఉంటాయి. గాలిలోని ఓజోన్ అదే దారిన లోపలికి చొరబడి రంగును విరిచేస్తుంది. రంగు ద్రవంలో కరిగి ఉండే డై ఇంకుల్లో చాలాసార్లు ముందు పోయేది సయాన్ అనే ఆకుపచ్చ కలిసిన నీలం, అందుకే ఫోటో ఎర్రబారుతుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు కరిగి ఉండదు, పొడి రేణువులుగా ఉంటుంది కాబట్టి చాలా ఎక్కువకాలం తట్టుకుంటుంది. పదికాలాల పాటు ఉండాల్సిన ఫోటో అయితే పిగ్మెంట్ ఇంకుతోనే తీయించండి. ఇంకు తగిలితే ఉబ్బే పూత ఉన్న పాతరకం పేపర్లు డై రంగును ఓజోన్ నుంచి బాగానే కాస్తాయి గానీ, చెమ్మ తగిలితే జిగటగా మారతాయి, రంగులు పాకుతాయి.

ఇక వానాకాలానికి ముందు చేయాల్సినవి. తాకితే పొడిగా ఉందని ప్రింటును వెంటనే ఫ్రేములో బిగించకండి. ఇంకులోని గ్లైకాల్ లాంటి ద్రావకాలు నెమ్మదిగా బయటికొచ్చి అద్దం లోపలివైపు మసకలా పేరుకుంటాయి. ప్రింటు మీద మామూలు తెల్లకాగితం పరిచి కనీసం ఒక రోజు ఉంచండి. ఆ కాగితం అలలు తిరిగితే, తీసేసి కొత్తది పరిచి ఇంకో రోజు ఆగండి. గాలి పొడిగా ఉన్న రోజుల్లోనే ఈ పని ముగించుకోవడం మేలు. అద్దం తప్పకుండా వేయించండి, ఓజోన్‌కు అదే పెద్ద అడ్డు. అయితే ఫోటో అద్దానికి తగలకూడదు, మధ్యలో మౌంట్ బోర్డు, అంటే ఫోటో చుట్టూ అంచులా వేసే మందపాటి అట్ట, ఉండాలి. చెమ్మకు అతుక్కుపోయిన ఫోటోను లాగితే పూత అద్దానికే ఉండిపోతుంది, దాన్ని మళ్లీ బాగుచేయలేం. నీరు దిగే గోడకు ఫ్రేము అసలు తగిలించవద్దు.

ఆల్బమ్ విషయంలో జిగురు పేజీలు, పీవీసీ కవర్లు, గోధుమరంగు అట్ట, సెల్లో టేపు వద్దు. సందులున్న ఆ పూత వాటి ఆవిర్లను పీల్చుకుని అంచుల నుంచి పచ్చబడుతుంది. పాలీప్రొపిలీన్ కవర్లు మంచివి.

మరీ తెల్లగా మెరిసే పేపరును చూసి మురిసిపోకండి. నోట్లు పరీక్షించే యూవీ లైటు కింద అది నీలంగా వెలిగితే, తెల్లదనం కోసం బ్రైటెనర్లు కలిపారన్నమాట. అవి అరిగేకొద్దీ పేపరు అసలు పసుపు ఛాయ బయటపడుతుంది.

పేపరు పెట్టె మీద '100 ఏళ్లు' అని కనిపిస్తే, ఏ ఇంకుతో, అద్దం వెనకా బయటా అన్నది కూడా చదవండి. ప్రింట్ల మన్నికను పరీక్షించే సంస్థ విల్‌హెల్మ్ ఇమేజింగ్ రీసెర్చ్ వాళ్ల ప్రదర్శన అంచనాలు రోజుకు 12 గంటలు, 450 లక్స్ వెలుతురు లెక్కన వేసినవి. ఒక్కో అంచనా ఒక ఇంకు, ఒక పేపరు జంటకే చెల్లుతుంది. ఇంకు మార్చి నింపితే ఆ అంకె మీ ఫోటోకు వర్తించదు.

ముఖ్యమైన ఫోటోకు ఒకేసారి రెండు ప్రింట్లు తీయండి. రెండోదాన్ని కవర్లో పెట్టి, చీకటిగా పొడిగా ఉండే బీరువాలో దాచండి. రోజూ చూసే ఫోటో వెలిసిపోతున్నా కంటికి ఆనదు. ఏటా ముసురు వెళ్లాక రెండూ పక్కపక్కన పెట్టి ఆకాశాన్నీ ముఖాల రంగునూ పోల్చి చూడండి. తేడా కనిపిస్తే అద్దం వెనకున్నదాన్ని తీసి, ఫైలు నుంచి కొత్తది తీయించండి.