నాలుకను గమనించడం – 3వ పాఠం: పూత, మచ్చ, పుండు

గత పాఠంలో మంచి వెలుతురులో, అద్దం ముందు, ఆరోగ్యంగా ఉన్న నాలుకను పరిశీలించడం నేర్చుకున్నాం. ఆ పరిచయం లేనివారు నాలుక మొదట్లో, గొంతు వైపు మొన తిరిగిన బాణపు ములికిలా వరుసదీరిన 8 నుంచి 12 పెద్ద బొడిపెలను చూసి గడ్డలని బెదిరిపోతుంటారు. అవి అందరికీ ఉండేవే. ఇప్పుడు కొత్తగా కనిపించిన దాన్ని మూడు ప్రశ్నలతో పరీక్షిద్దాం: అది చోటు మారుతోందా, తుడిస్తే పోతోందా, ఎన్నాళ్లుగా ఉంది?

తెల్లని అంచులతో ఎర్రని మచ్చలు ఏర్పడి, కొన్నాళ్లకు మాయమై, మరోచోట తేలితే దానిని భౌగోళిక నాలుక అంటారు. కారం తగిలినప్పుడు మంట పుట్టవచ్చు గానీ అపాయం లేదు. తెల్లని పొర తుడిస్తే ఊడివచ్చి కింద ఎర్రగా కనిపిస్తే అది చాలావరకు ఫంగస్ పూత. యాంటీబయాటిక్స్ వాడినవారిలోనూ, ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చి నోరు పుక్కిలించనివారిలోనూ ఇది తరచు వస్తుంది. ఎంత తుడిచినా పోని తెల్లమచ్చను, ముఖ్యంగా పొగాకు అలవాటున్నవారు, ఆలస్యం చేయకుండా దంతవైద్యునికి చూపించాలి. నాలుక పైభాగమంతా ఉండే సన్నని బొడిపెలు అరిగి, అది నున్నగా, ఎర్రగా మారితే ఐరన్, బి12 లేదా ఫోలిక్ ఆమ్లం లోపాన్ని అనుమానించి రక్తపరీక్ష చేయించుకోవడం మేలు.

సాధారణ నోటిపూత ఎర్రని అంచుతో, నడుమ తెల్లగానో పసుపుగానో ఉండే లోతులేని పుండు. ఇది అంటుకోదు, ఒకటి రెండు వారాల్లో మానుతుంది. పెదవి బయట నీటిపొక్కులుగా వచ్చే హెర్పిస్ మాత్రం అంటుకుంటుంది. పూత మళ్లీమళ్లీ వచ్చేవారు మందు వెతికేముందు కారణాన్ని వెతకాలి: గరుకు బ్రష్, విరిగిన పంటి కొన, సరిగా అమరని కట్టుడు పళ్లు, నిద్రలేమి, మానసిక ఒత్తిడి. సోడియం లారిల్ సల్ఫేట్ అనే నురుగు పదార్థం లేని పేస్టుకు మారితే కొందరికి పూతలు తగ్గుతాయి. పూత రాగానే బి కాంప్లెక్స్ మాత్ర మింగడం చాలామందికి అలవాటే, కానీ లోపం ఐరన్‌దైతే అది తీరదు.

మూడవ ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. మూడు వారాలు దాటినా మానని పుండును వైద్యునికి చూపించి తీరాలి; నొప్పి లేదు కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే నోటి క్యాన్సర్ తొలిదశలో తరచు నొప్పి ఉండదు. నాలుకపై వచ్చే క్యాన్సర్ ఎక్కువగా పక్క అంచుల్లో పుడుతుంది కనుక ఈ వారపు అభ్యాసం ఇది: శుభ్రమైన గుడ్డతో నాలుక కొనను పట్టుకుని, కుడికీ ఎడమకీ మెల్లగా లాగి, రెండు అంచులనూ చివరి దాకా చూసి, కనిపించినదాన్ని తేదీతో రాసిపెట్టుకోండి.