మనసు నిలదీస్తుంటే ఏం చేయాలి? బల్లకు దూరంగా కూర్చునేవారికి

మా కంచరపాలెం సంఘంలో నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, అంటే యేసు మరణాన్ని గుర్తుచేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుంటాం. శనివారం సాయంత్రం తెల్లగుడ్డ పరిచి, రొట్టె, ద్రాక్షరసం సిద్ధం చేసేది మా స్త్రీల సమాజమే. ఎవరు పాలుపొందుతున్నారో, ఎవరు తల వంచుకుని పళ్ళెం పక్కవాళ్ళకు అందించేస్తున్నారో నాకు తెలుస్తూనే ఉంటుంది. అలా అందించేసేవాళ్ళలో చాలామందికి దేవుడంటే భయం ఎక్కువే. లోపల ఏదో గుచ్చుతోంది, దాన్ని ఏం చేయాలో తెలియడం లేదు. పౌలు కొరింథీయులకు రాసింది ఒకసారి మళ్ళీ చదవండి. మనిషి తన్ను తాను పరీక్షించుకుని తినాలన్నాడు (1 కొరింథీ 11:28). పరీక్షించుకుని ఏళ్ళ తరబడి మానేయమనలేదు. ఆ పరీక్ష ఎలా చేసుకోవాలన్నదే ఇక్కడ చెబుతాను.

ముందు ఒక కాగితం తీసుకోండి. "నేను ఘోర పాపిని" అని మాత్రం రాయకండి. ఆ మాట పట్టుకుని ఎవరి గుమ్మమూ ఎక్కలేరు. ఏం చేశారు, ఎవరికి చేశారు, అంతే రాయండి. "చిట్టీ పాడుకుని డబ్బు తీసుకున్నాను, తర్వాత వాయిదాలు ఎగ్గొట్టాను, ఆ భారం చిట్టీ నడిపే అక్క మీద పడింది." "ఆడపడుచు గురించి పెళ్ళివారి దగ్గర లేనిపోనివి చెప్పాను, సంబంధం తప్పిపోయింది." ఇలా రాయడం కష్టం, చెయ్యి వణుకుతుంది. అయినా రాయండి. నాతాను ప్రవక్త దావీదుతో నువ్వు మంచి రాజువు కావని చెప్పి ఊరుకోలేదు. దావీదు సైనికుడైన ఊరియా పేరెత్తాడు, అతన్ని కత్తితో చంపించావన్నాడు, అతని భార్యను తీసుకున్నావన్నాడు. దావీదు "పాపం చేశాను" అని ఒప్పుకున్న ఆ సంభాషణలోనే దేవుడు నీ పాపాన్ని తీసివేశాడన్న మాట కూడా వచ్చింది (2 సమూయేలు 12). ఇంత స్పష్టంగా ఒప్పుకున్నదానికి అంత స్పష్టమైన క్షమాపణ దొరికింది.

ఎంతసేపు కూర్చున్నా కాగితం మీద ఏమీ రాకపోవచ్చు. లేదా రాసింది అసలు పాపమే కాకపోవచ్చు. ఇక్కడ తొందరపడకండి. స్టీల్ ప్లాంట్‌లో ఆదివారం ఉదయం షిఫ్ట్ పడి ఆరాధనకు రాలేకపోయినందుకు నలిగిపోయే తమ్ముళ్ళున్నారు. బ్లాస్ట్ ఫర్నేస్ ఆదివారమని ఆగదు కదా. విశ్రాంతిదినం మనిషి కోసమే అని చెప్పింది యేసు ప్రభువే. ఓడ మీద పనికి వెళ్ళి, నడిసముద్రంలో ఉండగా నాన్న పోతే చివరిచూపు దక్కనివాళ్ళు మన విశాఖలో ఎందరో. అది దుఃఖం. దానికి ఏడవాలి గానీ, ఒప్పుకోలు ప్రార్థన అక్కర్లేదు. చిన్నతనంలో ఎవరో మీ మీద చెయ్యి వేస్తే, ఆ సిగ్గు ఇప్పటికీ మీరే మోస్తుంటే అమ్మా, ఆ పాపం మీది కాదు. చేసినవాడిది. దాన్ని మీ కాగితం మీద రాయకండి.

రాసింది నిజంగా పాపమే అయితే దేవుని ఎదుట గట్టిగా చదవండి. దావీదు పశ్చాత్తాప ప్రార్థన, 51వ కీర్తన తెరిచి ఉంచుకోండి. ఒప్పుకుంటే క్షమిస్తానన్నది ఆయన మాట (1 యోహాను 1:9), మీ కన్నీళ్ళ కొలతను బట్టి కాదు.

ఆ తర్వాత చాలామంది పొరబడతారు. మనసు తేలికపడాలని వారం రోజులు ఉపవాసం పట్టేస్తారు, కానుక పెట్టెలో పెద్ద నోటు వేస్తారు. పక్కింటి అక్కకు బాకీ ఉంటే కానుక పెట్టెలో వేస్తే ఎలా తీరుతుంది? అర్పణ బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు నీ సహోదరుడి దగ్గరికి వెళ్ళమన్నాడు ప్రభువు (మత్తయి 5:24).

వెళ్ళేముందు ఫోన్ చేయండి. పిల్లల్ని వెంట తీసుకెళ్ళకండి, వాళ్ళను చూసి అవతలివాళ్ళు కోపం దిగమింగాల్సి వస్తుంది. "నా వల్ల ఏమైనా బాధ కలిగుంటే క్షమించండి" అనకండి. "అక్కా, వాయిదాలు నేనే ఎగ్గొట్టాను. తప్పు నాది" అనండి. మీరు భోరున ఏడ్చి, చివరికి వాళ్ళే మిమ్మల్ని ఓదార్చే పరిస్థితి తేకండి. "క్షమించానని చెప్పండి" అని బలవంతపెట్టకండి. వాళ్ళకు టైమ్ కావాలి.

డబ్బు విషయమైతే డబ్బు ఇవ్వాలి. మోషే ధర్మశాస్త్రంలో అసలుకు అయిదో వంతు కలిపి ఇమ్మని ఉంది (లేవీ 6:5). అంటే 20,000 రూపాయలకు 24,000. యేసును కలిసిన పన్ను వసూలుదారు జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. మనం ఆ ధర్మశాస్త్రం కింద లేకపోయినా, అయిదో వంతు న్యాయమైన కొలతేనని నా అభిప్రాయం. ఒకేసారి కుదరకపోతే నెలకింత అని చెప్పి, చెప్పిన తేదీకి ఇవ్వండి.

ఇదంతా ఒంటరిగా మోయలేకపోతే ఒక్కరికి చెప్పుకోండి. కేథలిక్కులకు పాపసంకీర్తనం ఉంది, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం; విన్న గురువు బయటపెట్టకూడదన్న కట్టుబాటు ఉంది. మన సంఘాల్లో ఆ ఏర్పాటు లేదు కాబట్టి నోరు జారని మనిషిని వెతుక్కోవాలి. పాస్టరు అయ్యగారో, ఆయన భార్య అమ్మగారో, ఒక పెద్దావిడో. సాక్ష్యాల సమయంలో మైకు ముందు చెప్పడం మాత్రం వద్దు. మీ పాపంలో ఇంకొకరి పరువు కలిసి ఉంటుంది.

మీరు క్షమించాల్సినవైపు ఉంటే ఒక్క మాట. భర్త కొడుతుంటే, క్షమించడమంటే దెబ్బలు తినడానికి తిరిగి వెళ్ళడం కాదు. పగ దేవునికి వదిలేసి కూడా దూరంగా ఉండొచ్చు. సహాయానికి మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

అన్నీ సరిచేసుకున్నా నిద్ర పట్టక, చచ్చిపోవాలనిపిస్తుంటే అది విశ్వాసం తక్కువై కాదు. ప్రార్థన చేస్తూనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఏ రాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

అన్యాయం జరిగిన మనిషి చనిపోయి ఉంటే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. సంఖ్యాకాండం 5:8లో దీనికీ దారి ఉంది. బంధువు ఉంటే అతనికి, లేకపోతే యాజకుడి ద్వారా దేవునికి. కాబట్టి ముందు వాళ్ళ పిల్లల్ని వెతకండి. ఎంత వెతికినా ఎవరూ దొరక్కపోతే అయ్యగారితో మాట్లాడి, ఆ మొత్తం సంఘంలోని విధవరాలి ఇంటి అద్దెకో, ఒక పిల్ల ఫీజుకో చేరేలా చూడండి. మీ పేరు చెప్పొద్దనండి.