తుక్కుగూడ దాటాక తెలిసే తప్పులు: హైదరాబాద్ నుంచి కారు ప్రయాణాలకు సమస్య – పరిష్కారం

మా ఇంట్లో ఒక పాత స్పైరల్ నోటుబుక్కు ఉంది. కారేసుకుని ఎక్కడికైనా వెళ్లొచ్చాక, ఆ ట్రిప్పులో ఏం తేడా కొట్టిందో అందులో రాసిపెట్టడం నా అలవాటు. మొన్న తిరగేస్తుంటే ఒక సంగతి తట్టింది. శ్రీశైలం, హంపి, కుంటాల, తాడోబా... ఊళ్లు వేరు, ఇబ్బందులు వేరు. కానీ ఒక్కోదాన్ని వెనక్కి తవ్వుకుంటూ పోతే చాలావాటి మూలం హైదరాబాద్‌లోనే, బయల్దేరే ముందురోజు సాయంత్రంలోనే ఉంది. అందుకే కింద ప్రతి సమస్యనూ అది బయటపడ్డ చోట మొదలుపెట్టి ఇంటిదాకా లాక్కొచ్చాను.

“మన్ననూరు గేటు దగ్గర ఆపేశారు”

ఇది నాకే జరిగింది. శుక్రవారం ఆఫీసు నుంచి ఇల్లు చేరి, బ్యాగులు సర్ది, బావావాళ్లను ఎక్కించుకుని బయటపడేసరికి ఆరున్నర. మాదాపూర్‌లో ఆ వేళ ట్రాఫిక్ సంగతి చెప్పక్కర్లేదు. తుక్కుగూడ దగ్గర శ్రీశైలం రోడ్డు ఎక్కేసరికే ఏడున్నర దాటింది. కడ్తాల్‌లో టీ, కల్వకుర్తిలో భోజనం. మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి గేటు వేసి చాలాసేపైంది. “ఒకసారి అడిగి చూద్దాం బావా” అని మా బావ దిగి వెళ్లాడు. గార్డు మర్యాదగానే, “పొద్దున ఆరింటికి రండి సార్” అన్నాడు. వెనక్కి వచ్చి అచ్చంపేటలో లాడ్జి వెతుక్కున్నాం.

కారణం: మన్ననూరు దాటాక రోడ్డు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపలి నుంచి పోతుంది. రాత్రిపూట జంతువులు రోడ్డు దాటుతాయి కాబట్టి రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు ఆ దారి మూసేస్తారు. మ్యాపులో ఎన్ని గంటల ప్రయాణమో కనిపిస్తుంది గానీ గేటు ఎప్పుడు పడుతుందో కనిపించదు.

పరిష్కారం: శ్రీశైలం ఎప్పటికి చేరాలన్నది పక్కన పెట్టి, మన్ననూరు ఎప్పటికి దాటాలన్నది ముందు తేల్చుకోండి. సాయంత్రం వెళ్లేటట్టయితే ఎనిమిదికల్లా గేటు దాటేలా ఉండాలి. అంటే పశ్చిమ హైదరాబాద్ నుంచి శుక్రవారం మూడింటికి మించి ఆగకూడదు. ఆఫీసు వదలదంటారా, శనివారం తెల్లవారుజామున ఐదింటికి లేచి పోవడమే నయం. మీరు చేరేసరికి గేటు తీసే ఉంటుంది, పైగా నల్లమలను వెలుతురులో చూస్తారు. రాత్రి ఎలాగూ ఏమీ కనబడదు. తిరుగు ప్రయాణానికీ ఇదే లెక్క. దోర్నాల వైపు వెళ్లేవాళ్లకు అటు కూడా రాత్రి గేటు ఉంటుందని మరవకండి.

ఇంకొకటి. అడవి లోపల చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు. మ్యాపును ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి, పెట్రోలు కల్వకుర్తి, డిండి ప్రాంతంలోనే నింపుకోండి.

“నాలుగు గంటలంది, ఏడు పట్టింది”

మనం ట్రిప్పును కిలోమీటర్లలో అనుకుంటాం, దారి మాత్రం గంటల్లో అవుతుంది. నాలుగు లైన్ల హైవే మీద టీలు, టోళ్లు, టాయిలెట్లు అన్నీ కలుపుకుంటే గంటకు 60 కిలోమీటర్లు. రెండు లైన్ల రోడ్డయినా, ఘాటయినా 35, 40. నేను వేసుకునే లెక్క ఇదే, ఇప్పటిదాకా పెద్దగా తప్పలేదు. సంక్రాంతి ముందు విజయవాడ రోడ్డుకు మాత్రం ఏ లెక్కా పనికిరాదు. పంతంగి టోల్ దగ్గర వరస చూసినవాళ్లకు ఎందుకో తెలుసు.

అవుటర్ రింగ్ రోడ్డు మీద ఎగ్జిట్ దాటిపోతే రివర్సు మాత్రం తీయకండి. అక్కడ ఎడమ చేతి లైన్లలోనే 80, కుడి చేతి లైన్లలో 120 వరకు వస్తుంటారు. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి తిరిగి రండి, పది పదిహేను నిమిషాలు పోతే పోతాయి.

“ఘాట్ దిగుతుంటే కాలిన వాసన, బ్రేకు మెత్తబడింది”

అన్నిటికన్నా దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మిగతావి చికాకు పెడతాయి, ఇది ప్రాణం మీదికి తెస్తుంది. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటాక రోడ్డు మలుపులు తిరుగుతూ కృష్ణ లోయలోకి దిగుతుంది. డ్యామ్ కనబడగానే అందరి కళ్లూ అటే. మైదానంలో అలవాటైన మనం కారును టాప్ గేర్లోనో, ఇంకా దారుణంగా న్యూట్రల్లోనో వదిలి, వేగాన్ని బ్రేకుతోనే పట్టుకుంటూ దిగుతాం.

కారణం: అలా కాలు తీయకుండా తొక్కితే ప్యాడ్లు, డిస్కులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. వేడి మరీ ఎక్కువైతే బ్రేక్ ఆయిల్ మరిగి అందులో బుడగలు పుడతాయి. అప్పుడు పెడల్ కిందికి దిగిపోతుంది, కారు ఆగదు. పాత బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుని ఉంటుంది కాబట్టి అది ఇంకా త్వరగా మరుగుతుంది.

పరిష్కారం: మా వీధి మెకానిక్ చెప్పిన సూత్రం ఒక్కటే. ఏ గేర్లో ఆ ఘాట్ ఎక్కుతారో అదే గేర్లో దిగండి. రెండో గేరో మూడో గేరో వేస్తే ఇంజనే కారును పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్ కారైతే డి (మామూలు డ్రైవ్) లో వదిలేయకుండా మాన్యువల్ మోడ్‌లోనో, ఎల్ (చిన్న గేరు) లోనో పెట్టండి. బ్రేకును గట్టిగా కాసేపు నొక్కి వదలాలి, దాని మీద కాలు ఆనించి ఉంచకూడదు.

వాసన వచ్చేసిందా? వెడల్పున్న చోట, మలుపుకు దూరంగా ఆపి గేర్లో ఉంచి, చక్రం కింద రాయి పెట్టి అరగంట ఆగండి. చక్రాల మీద నీళ్లు మాత్రం పోయొద్దు, వేడి డిస్కు వంకర పోతుంది. పెడల్ మళ్లీ గట్టిపడితేనే కదలండి, అది కూడా చిన్న గేర్లో. ఇంటి దగ్గర చేయాల్సిన పని: బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటిందేమో సర్వీసు బిల్లు తీసి చూడండి. సర్వీసు సెంటర్‌కు వెళ్తే కారు కడిగిన సంగతి చెప్తారు గానీ, మనం అడిగితే తప్ప దీని ఊసెత్తరు.

వానాకాలంలో శ్రీశైలం డ్యామ్ గేట్లెత్తిన వారం ఇదే ఘాట్ మీద ఇంకో కష్టం: ఫోటోల కోసం రోడ్డు మీదే ఆపిన కార్లు. వారం మధ్యలో పోవడం తప్ప దీనికి నాకు తెలిసిన మందు లేదు.

“టైరు పంక్చరైంది, స్టెప్నీలోనూ గాలి లేదు”

నవ్వుకోకండి, ఇది చాలామందికి జరిగేదే. నాలుగు టైర్లకూ గాలి కొట్టిస్తాం, డిక్కీలో సామాన్ల కింద ఐదోది ఒకటుందని గుర్తుండదు. సామాను సర్దక ముందే దాని గాలి చూపించుకోవాలి. రెండో తంటా నట్లది. షాపులో మెషిన్‌తో బిగించిన నట్లు మన చిన్న పానాకు లొంగవు. నిర్మల్ దగ్గర ఒక లారీ క్లీనర్ వచ్చి పానా మీద నిలబడి ఊగితే గానీ మావి కదల్లేదు. బయల్దేరే ముందు ఇంటి దగ్గరే ఒక్కో నట్టును వదులు చేసి, మీ చేత్తో మళ్లీ బిగించి చూసుకోండి. దారిలో మార్చేటప్పుడు జాకీ ఎత్తక ముందే నట్లు వదులు చేయాలి.

గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాల్సిన లెక్క అది. వంద కిలోమీటర్లు పరుగెత్తి వేడెక్కాక చూసి, ఎక్కువుందని తీసేయకండి. టైరు వయసు కూడా చూడండి, పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని.

“అనంతగిరిలో అద్దం మీద ఏమీ కనబడలేదు”

వికారాబాద్ వైపు తెల్లవారుజామున మంచులోకో, వానలోకో పోతే అద్దం మసకబారుతుంది. ముందు వేలితో లోపలి నుంచి రుద్ది చూడండి. చెరిగితే తేమ లోపలిది: మన ఊపిరి ఆవిరి చల్లటి అద్దానికి పట్టింది. ఏసీ వేసి, గాలిని అద్దం మీదికి తిప్పి, బయటి గాలి లోపలికొచ్చేలా బటన్ మార్చండి. చెరగలేదంటే అది బయటిది: ఏసీ ఎక్కువై అద్దమే చల్లబడింది. వైపర్ వేసి, ఏసీ తగ్గించండి. నేను చాలాకాలం రెండింటికీ ఒకే మందు వేసి, ఎందుకు తగ్గట్లేదా అని తిట్టుకునేవాణ్ని.

“పిల్లాడికి వాంతులు”

కళ్లు ఫోను మీద, చెవిలోని బ్యాలెన్స్ మలుపులతో. రెండూ చెప్పేది కలవక కడుపులో తిప్పుతుంది. ఘాట్‌కు ముందు ఫోను లాక్కోండి, కిటికీలోంచి దూరంగా చూడమనండి, పొద్దున పూరీ బదులు ఇడ్లీ పెట్టండి. మాత్ర వేయాలంటే డాక్టరును ముందే అడిగి, బయల్దేరే ముందే వేయాలి. వాంతి మొదలయ్యాక వేసిన మాత్ర నిలవదు.

“టోల్ గేటులో ఫాస్టాగ్ పని చేయలేదు”

డబ్బులున్నా పడకపోతే చాలాసార్లు కేవైసీ మిగిలిపోయి ట్యాగ్ బ్లాక్ అయి ఉంటుంది. వరసలో నిలబడి రీచార్జ్ చేసినా వెంటనే తెరుచుకోకపోవచ్చు, వెనక హారన్ల టెన్షన్ ఒకటి. ముందురోజే స్టేటస్ చూసుకోండి. 2025 నవంబరు 15 నుంచి, ట్యాగ్ పనిచేయకపోతే నగదుకు రెట్టింపు, యూపీఐకి 1.25 రెట్లు అనే పద్ధతి వచ్చింది; ఇప్పుడెలా ఉందో బయల్దేరే ముందు చూసుకోండి. 2025 ఆగస్టు 15న మొదలైన వార్షిక పాస్ నేషనల్ హైవేలకే. అవుటర్ రింగ్ రోడ్డు దాని కిందికి రాదు, అక్కడ ట్యాగ్‌లో డబ్బులు ఉండాల్సిందే.

“సఫారీ బుక్ చేశాం, కానీ...”

మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవిలో మా వాళ్లు చేసిన పొరపాటు. రూము మోహర్లిలో, సఫారీ కోలారా గేటులో. రెండూ తాడోబానే కదా అనుకున్నారు. మధ్యలో అడవి, చుట్టు తిరిగి రావాలి. పొద్దుటి సఫారీ చేజారిపోయింది. ముందు గేటు, తర్వాత ఆ గేటు దగ్గరే రూము, ఈ వరస మార్చకండి. బుకింగ్‌లో ఇచ్చిన గుర్తింపు కార్డు ఒరిజినలే తీసుకెళ్లండి. కోర్ ప్రాంతం, అంటే అడవి నడిమి భాగం, మంగళవారాలు మూసి ఉంటుంది, వానాకాలంలో జూలై నుంచి సెప్టెంబరు దాకా కూడా. పులి కనబడలేదంటే దానికి పరిష్కారం లేదు, మళ్లీ పోవడమే.

అంత దూరం ఎందుకనుకునేవాళ్లకు ఒక మాట: తెలంగాణలోని మూడు నేషనల్ పార్కులూ హైదరాబాద్‌లోనే, దాని అంచుల్లోనే ఉన్నాయి. కేబీఆర్, చిలుకూరు దగ్గర మృగవని, వనస్థలిపురంలో హరిణ వనస్థలి. కొత్తగా కారు నేర్చుకున్నవాళ్లు మృగవనితో మొదలుపెట్టొచ్చు.

“కుంటాల వెళ్తే నీళ్లే లేవు”

కుంటాల జలపాతానికి ఏప్రిల్‌లో వెళ్తే ఇంతే. కడెం వాగు వానల మీద ఆధారపడేది. ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య వెళ్లండి, కానీ గట్టి వాన పడ్డ రెండు మూడు రోజులు వద్దు. నీళ్లలోకి దిగడం ఎప్పుడూ వద్దు, బండలు నున్నగా ఉంటాయి, చాలా ప్రాణాలు పోయిన చోటు అది.

“ఆదివారం రాత్రి కళ్లు మూతపడుతున్నాయి”

హంపి నుంచి తిరుగు ప్రయాణం. సాయంత్రం మాతంగ కొండ మీద సూర్యాస్తమయం చూసి బయల్దేరాం, దాదాపు 370 కిలోమీటర్లు. కిటికీ దించాను, పాటలు పెంచాను, ముఖం కడిగాను. ఒక్కోదానికి నాలుగైదు నిమిషాలకు మించి ఫలితం లేదు. రోడ్డు మీద గీతలు రెండుగా కనబడ్డాక వెలుతురున్న పెట్రోలు బంకులో ఆపి, ఒక కాఫీ తాగి, సీటు వెనక్కి వాల్చి ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకున్నాను. కాఫీ ఒంటికి ఎక్కడానికి దాదాపు అంతసేపు పడుతుంది, కాబట్టి లేచేసరికి రెండూ కలిసొస్తాయి. ఇంటికొచ్చాక నోటుబుక్కులో రాసుకున్నది: ఇకపై హంపి అంటే సోమవారం సెలవు పెట్టాకే రూము బుక్ చేయాలి.