ఆహార వ్యాపార నమోదు: నల్లగొండ, పాలమూరు ప్రాంతాల చిరు వ్యాపారులు దరఖాస్తు చేసుకునే విధానం

అమ్మకానికి ఆహారాన్ని తయారుచేసే, నిల్వచేసే, రవాణాచేసే, వండి వడ్డించే ప్రతి వ్యాపారమూ, అది లాభం కోసం నడిచినా లాభాపేక్ష లేకుండా నడిచినా, ఆహార భద్రత, ప్రమాణాల చట్టం-2006 పరిధిలోకి వస్తుంది. దేవరకొండలో మిర్చి బజ్జీల బండి పెట్టుకున్నవారు, అచ్చంపేటలో ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే మహిళా సంఘం సభ్యులు, వనపర్తిలో పల్లీల గానుగ నడిపేవారు, మిర్యాలగూడలో బియ్యం మిల్లు యజమానులు అందరూ ఇందులోకి వస్తారు. తన పొలంలో పండిన పంటను అమ్ముకునే రైతుకు ఈ చట్టం వర్తించదు. పాల సహకార సంఘంలో సభ్యులై కేంద్రంలో పాలు పోసేవారు విడిగా నమోదు చేసుకోనవసరం లేదు. అయితే అదే రైతు తన పల్లీలను గానుగాడించి నూనె సీసాలు అమ్మడం మొదలుపెట్టిన రోజు నుంచి ఆహార వ్యాపారి అవుతాడు, అప్పుడు దరఖాస్తు తప్పదు.

దరఖాస్తు రెండు రకాలు: చిన్న వ్యాపారానికి రిజిస్ట్రేషన్, అంతకు మించితే లైసెన్సు. 2011లో అమల్లోకి వచ్చిన నిబంధనలు ఏడాది టర్నోవరు 12 లక్షల రూపాయలు దాటని వ్యాపారాన్ని చిన్న వ్యాపారంగా లెక్కగట్టి, దానికి ఫారం-ఎ ద్వారా రిజిస్ట్రేషన్‌ను, ఏడాదికి 100 రూపాయల రుసుమును నిర్ణయించాయి. లైసెన్సుకు ఫారం-బి నింపాలి. రాష్ట్ర స్థాయి లైసెన్సు రుసుము ఆ నిబంధనల్లో వ్యాపార రకాన్ని బట్టి 2,000 నుంచి 5,000 రూపాయల వరకు ఉంది. పరిమితులూ రుసుములూ సవరణకు లోబడినవి కాబట్టి, దరఖాస్తు చేసే రోజున ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఏది చూపితే దానినే ప్రమాణంగా తీసుకోవాలి. రిజిస్ట్రేషన్‌ను ఒకటి నుంచి ఐదేళ్ల వరకు ఒకేసారి తీసుకునే వీలును ఆ 2011 నిబంధనలు కల్పించాయి. ఒకే యజమానికి రెండు చోట్ల తయారీ ఉంటే రెండు చోట్లకూ విడివిడిగా దరఖాస్తు చేయాలి.

దరఖాస్తు అంతా కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) వారి ఫోస్కోస్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లోనే జరుగుతుంది. ముందుగా రాష్ట్రాన్ని, తర్వాత వ్యాపార రకాన్ని ఎంచుకుంటే, ఆ వ్యాపారానికి రిజిస్ట్రేషన్ సరిపోతుందా, లైసెన్సు కావాలా అన్నది పోర్టలే చూపుతుంది. ఆ తర్వాత మొబైల్ నంబరుతో ఖాతా తెరిచి, ఫారం నింపి, ఫొటోను, ఆధార్ వంటి గుర్తింపు పత్రాన్ని జతచేయాలి. గుర్తింపు పత్రంలోని చిరునామా, వ్యాపారం నడిచే చిరునామా వేర్వేరైతే కరెంటు బిల్లో అద్దె ఒప్పందమో పెట్టాలి. రుసుము చెల్లించాకే దరఖాస్తు పూర్తయినట్టు. చెల్లింపు తర్వాత వచ్చే దరఖాస్తు సంఖ్యను రాసిపెట్టుకుంటే పని ఎంతవరకు వచ్చిందో ఎప్పుడైనా చూసుకోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ప్రభుత్వ పోర్టల్‌ను పోలిన ప్రైవేటు సైట్లు అనేకం ఉన్నాయి. సకినాలు, గారెలు చేసి పెళ్లిళ్లకు సరఫరా చేసే ఒక అమ్మ నా దగ్గరకు పునరుద్ధరణ కోసం వచ్చినప్పుడు, ఆమె మొదటిసారి ఒక మధ్యవర్తికి మూడు వేల రూపాయలు ఇచ్చినట్టు తెలిసింది. పత్రం చూస్తే ఏడాదికి మాత్రమే తీసుకున్న రిజిస్ట్రేషన్ అది, అసలు రుసుము వంద రూపాయలు. డబ్బు పోవడంకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం మరొకటి ఉంది. మధ్యవర్తి తన ఫోన్ నంబరే ఇచ్చినందువల్ల గడువు గురించిన సందేశం ఏదీ ఆమెకు చేరలేదు, ఆమె కొన్ని నెలలపాటు చెల్లని పత్రంతో వ్యాపారం చేసింది. మీసేవలోనో కామన్ సర్వీస్ సెంటర్‌లోనో సాయం తీసుకున్నా, నంబరు మాత్రం మీదే ఇవ్వండి.

చిరునామా గడిలో పాత అలవాటు వల్ల ఒక పొరపాటు జరుగుతుంది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినా, గద్వాల, నాగర్‌కర్నూలు, వనపర్తి వాళ్లు ఇప్పటికీ మహబూబ్‌నగర్ అని, సూర్యాపేట, భువనగిరి వాళ్లు నల్లగొండ అని రాసేస్తుంటారు. దరఖాస్తు జిల్లాను బట్టే అధికారికి చేరుతుంది కాబట్టి, ఇప్పటి జిల్లా పేరునే ఎంచుకోవాలి. 2019లో ఏర్పడిన నారాయణపేటకు కూడా ఇదే వర్తిస్తుంది.

ఫారం-ఎలో నీటి వనరు గురించి అడిగే చిన్న గడి ఒకటి ఉంది: ప్రభుత్వ సరఫరానా, సొంత ఏర్పాటా, మరొకటా అని. చాలామంది దీన్ని చదవకుండానే టిక్కు పెట్టేస్తారు. మన ప్రాంతంలో మాత్రం ఈ గడి దగ్గర ఒక నిమిషం ఆగాలి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోరునీటిలోని ఫ్లోరైడ్ ఎన్ని కాళ్లను వంకర చేసిందో, ఎందరి నడుములను వంచిందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వరకు ఆమోదయోగ్యం, మరో వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. ఈ నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, పైగా నీరు ఆవిరైనకొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. అంటే బోరునీటితో గంటసేపు ఉడికించిన పప్పులోకి ఆ ఫ్లోరైడ్ అంతా చేరుతుంది. మిషన్ భగీరథ నల్లా నీటితో వండుతూ ఉంటే ప్రభుత్వ సరఫరా అని రాయండి. వేసవిలో నల్లా రానప్పుడు బోరు వాడతారు అనుకుంటే ఆ బోరునీటిని ముందే పరీక్ష చేయించి నివేదికను దగ్గర ఉంచుకోండి. తయారీ యూనిట్లకు లైసెన్సు తీసుకునేవారు గుర్తింపు పొందిన ప్రయోగశాల ఇచ్చిన నీటి పరీక్ష నివేదికను దరఖాస్తుతోనే జతచేయాలి.

పాలమూరు వైపు ఇంతే శ్రద్ధ పల్లీల మీద పెట్టాలి. గానుగ నూనె, పల్లిపట్టీలు, పల్లీల పొడి తయారీకి దరఖాస్తు చేసేటప్పుడు పోర్టల్ ఇచ్చిన జాబితా నుంచి వస్తువును ఎంచుకోవాలి. నూనెకు మాత్రమే నమోదు చేసుకొని పల్లిపట్టీలు కూడా అమ్మితే ఆ రెండోది నమోదు లేని వ్యాపారమే అవుతుంది. పంట చివర్లో వాన లేక బెట్టకు వచ్చిన చేనులోనూ, సరిగా ఎండకుండా సంచుల్లోకి ఎక్కిన కాయలోనూ ఒక రకం బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్‌కూ కారణమవుతుంది. వేయించినా పూర్తిగా పోదు. నేరుగా తినే పల్లీల్లో కిలోకు 10 మైక్రోగ్రాములకు మించి ఉండకూడదన్నది ప్రమాణం. దాన్ని కొలవడం ప్రయోగశాల పని, కానీ దాన్ని రాకుండా ఆపడం చాలావరకు చేతిలోని పనే. కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనే దాకా ఎండబెట్టాలి. గింజలు వొలిచాక ముడుచుకుపోయినవి, రంగు మారినవి, మొలకెత్తినవి, పైన పచ్చని బూజు కనిపించేవి చేటలో చెరిగి ఏరేయాలి. ఏరేసినవాటిని తక్కువ ధరకు మరొకరికి అమ్మడం, నూనెకు పనికొస్తాయని గానుగలో వేయడం సరికాదు, ఎందుకంటే నూనె తీయగా మిగిలిన చెక్కలో ఆ విషం నిలుస్తుంది, ఆ చెక్క తిన్న బర్రె పాలలోకి దాని రూపాంతరం వస్తుంది, చివరికి ఆ పాలు మన పిల్లల గ్లాసులోకే చేరతాయి. నూనెను విడిగా కొలిచి పోయడం కూడా నిబంధనలకు విరుద్ధం. లేబుల్ వేసిన సీసాలోనో డబ్బాలోనో మూసి అమ్మాలి.

ఫారం చివర్లో పరిశుభ్రత గురించిన స్వీయ ప్రకటన ఉంటుంది. నిబంధనల నాలుగో షెడ్యూలులో చెప్పినవన్నీ పాటిస్తానని ఆ ప్రకటనతో మీరు ఒప్పుకుంటున్నారు. వంట చేసేవాళ్లు చేతులు కడుక్కోవడం, జబ్బుగా ఉన్నప్పుడు పనిలోకి రాకపోవడం, పచ్చిదీ వండినదీ వేరుగా పెట్టడం, వ్యర్థాలకు మూతగల డబ్బా ఉంచడం అందులో ఉన్నాయి. సంతకం పెట్టేముందు ఒకసారి మొత్తం చదవమని గట్టిగా చెబుతున్నాను.

రిజిస్ట్రేషన్ దరఖాస్తు అందిన ఏడు రోజుల్లో అధికారి దాన్ని మంజూరు చేయాలి, కారణం రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి ఆదేశించాలి. తనిఖీ ఉంటే ముప్ఫై రోజుల్లో నిర్ణయం వెలువడాలి. లైసెన్సుకు అరవై రోజులు. ఈలోగా అధికారి ఏదైనా వివరణ అడిగితే అది పోర్టల్‌లోనే కనిపిస్తుంది కనుక, రెండు మూడు రోజులకొకసారి ఖాతా తెరిచి చూడండి. ముప్ఫై రోజుల్లో జవాబివ్వకపోతే దరఖాస్తు పోయినట్టే.

మంజూరైన పత్రంపై 14 అంకెల సంఖ్య ఉంటుంది. లైసెన్సు సంఖ్య 1తో, రిజిస్ట్రేషన్ సంఖ్య 2తో మొదలవుతాయి. పత్రాన్ని కొనుగోలుదారుకు కనిపించే చోట తగిలించాలి, 2022 జనవరి నుంచి బిల్లులపైనా ఈ సంఖ్య వేయడం తప్పనిసరి. పచ్చడి సీసా లేబుల్‌పై ఈ సంఖ్యతోపాటు వస్తువు పేరు, అందులో కలిపినవి, నికర బరువు, తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా, శాకాహారమైతే ఆకుపచ్చ గుర్తు ఉండాలి.

వంటగది మారినా, కొత్త వస్తువు చేర్చినా అదే పోర్టల్‌లో మార్పు కోసం దరఖాస్తు చేయాలి. పత్రానికి గడువు తేదీ ఉంటే, పునరుద్ధరణ ఎప్పటి నుంచి చేసుకోవచ్చో పోర్టల్‌లోనే చూసుకోండి. దరఖాస్తు విషయంలో ఇబ్బంది ఎదురైనా, కొన్న ఆహారంలో లోపం కనిపించినా ఎఫ్ఎస్ఎస్ఏఐ ఉచిత నంబరు 1800112100కు ఫోన్ చేయవచ్చు. ఆహారం గురించిన ఫిర్యాదైతే ప్యాకెట్ మీది 14 అంకెల సంఖ్యను, బ్యాచ్ నంబరును ముందు దగ్గర పెట్టుకొని ఆ తర్వాత ఫోన్ కలపండి.